అవతలి కొస

నిచ్చెన మీద నిలబడి, రెండు చేతులూ పైకెత్తి, గోడా కప్పూ కలిసే చోట నమూనా ముక్కని ఆనించి పట్టుకున్నాడు బామ్మర్ది. కింద ముగ్గురు మనుషులు తలలు పైకెత్తి చూస్తున్నారు. భుజాలు లాగేస్తున్నాయి, మెడ పట్టేసింది, సమయం చూసుకుని ముక్కు మీద దురద కూడా మొదలైంది. చేతులు దించడానికి లేదు. ఇంటివాళ్ళు ఏదో ఒకటి తేల్చుకునేదాకా ముక్క కప్పుకి అంటుకునే ఉండాలని బావ పెట్టిన నియమం.

"కాస్త గోడకి అదిమి పట్టరా, నీడ పడుతోంది," అన్నాడు బావ కింద నుంచి.

అదిమి పట్టాడు. ఊహ తెలిసినప్పటినుంచీ అతని పని అదే. గది చుట్టూ కప్పు అంచున అందానికి అతికించే ప్లాస్టర్ పట్టీలని బావ కొలుస్తాడు, కోస్తాడు, మూలలు కలుపుతాడు. ఇతను అవతలి కొస పట్టుకుంటాడు.

కన్నవాళ్ళు పెట్టిన పేరొకటి అతనికి లేకపోలేదు. కానీ బావ ఏ ఇంట్లో పనికి దిగినా 'ఒరే బామ్మర్దీ' అని వీధి చివరికి వినపడేలా కేకేసేవాడు. దాంతో ప్లాస్టర్ కొట్టు యజమానికీ, రంగులేసేవాళ్ళకీ, ఇళ్ళు కట్టించుకునేవాళ్ళకీ, ఆఖరికి వాచ్‌మన్ భార్యకి కూడా అతను బామ్మర్దే అయిపోయాడు. మొదట్లో ఉడుక్కునేవాడు. తల సగం నెరిసేసరికి అలవాటైపోయింది. ఇప్పుడెవరైనా అసలు పేరు పెట్టి పిలిస్తే ఇంకెవరినో అనుకుంటాడు.

ఆ గది ఇంటి పెద్దావిడది. కొడుకు ఉద్యోగానికి వెళ్ళాడు కాబట్టి ఎంపిక భారమంతా అత్తాకోడళ్ళ మీద పడింది. ఇద్దరికీ పొద్దున్నుంచి కుదరడం లేదు. మిగతా మేస్త్రీలైతే నమూనాలు నేల మీద పరిచి, వేలు పెట్టి చూపించమని చేతులు దులుపుకుంటారు. బావ అలా కాదు.

"ఇది కింద పెట్టి చూసే సరుకు కాదమ్మా. ఈ గదిలో పడుకునేది ఎవరు? వాళ్ళు పడుకుని చూడాలి," అన్నాడు.

"ఇంతమంది ముందు పడుకోవాలా?" అంది పెద్దావిడ.

"రేపట్నుంచి రోజూ పొద్దున్నే మీ కళ్ళకి మొదట కనపడేది ఇదే. కాసేపు సిగ్గు పక్కన పెట్టండి."

ఆవిడ చాప తెప్పించుకుంది. ఫోటో తీయించుకునే మనిషిలా కాళ్ళు చాపి, పాదాల మీదికి దుప్పటి లాక్కుని, గంభీరంగా కప్పు వంక చూసింది. కోడలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"లతలూ పువ్వులూ ఉన్నదే పెట్టించుకోండి అత్తయ్యా. గది కళకళలాడుతుంది."

"కళకళలాడేది గది. ఆ పువ్వుల్లో దుమ్ము దులిపేది నేను. ఆ గీతలది చూపించు నాయనా."

బామ్మర్ది ముక్క మార్చాడు. పువ్వుల్లేవు, ఆకుల్లేవు. పక్కపక్కన సన్నటి గీతలు, అంతే. పెద్దావిడ చాలాసేపు చూసింది. నాకు ఇదే బాగుందని లేచి కూర్చుంది. "మీ గది, మీ ఇష్టం," అంది కోడలు. ఆ మాటలో ఇష్టం మచ్చుకైనా లేదు. బావ మాత్రం పెళ్ళి సంబంధం ఖాయమైనట్టు సంబరపడిపోయి చేతులు రుద్దుకున్నాడు.

ఆ సంబరం చూడలేక బామ్మర్ది చూపు తిప్పుకుని నిచ్చెన దిగాడు. ఈ రోజు ఆ మనిషితో చెప్పాల్సిన మాట ఒకటి పొద్దున్నుంచీ అతని గొంతులో అడ్డంగా ఉంది.

అక్క అప్పజెప్పిన మాట అది. పొద్దున బావ స్నానానికి వెళ్ళిన సందు చూసి, తమ్ముణ్ణి వంటింట్లోకి పిలిచింది.

"ఈ రోజు చెప్పేయరా. నేను చెబితే ఒంటికాలి మీద లేస్తారు. నువ్వైతే వింటారు."

"ఏమని చెప్పనక్కా?"

"ఇంక రంపం పట్టొద్దని చెప్పు. నిచ్చెన ఎక్కొద్దని చెప్పు. నిన్న గ్లాసు బోర్లా పెట్టి దాని మీద టీ పోశారు. పోసి, నావంక చూసి నవ్వారు. ఆ నవ్వు చూశాక నాకు రాత్రంతా కన్ను మూతపడలేదురా."

అక్కకి తెలిసింది నిన్న. అతనికి ఎండాకాలంలోనే తెలిసింది.

అసలు వీళ్ళది తలకిందుల పని. పట్టీని మూలకి సరిపోయేలా ఏటవాలుగా కోయాలంటే, రంపం నడవడానికి ఏటవాలు గాడులున్న కోత పెట్టెలో దాన్ని తిరగేసి పెట్టాలి. కప్పుకి ఆనే అంచు కిందికి, గోడకి ఆనే అంచు పైకి వస్తాయి. అప్పుడు కుడి ఎడమవుతుంది, ఎడమ కుడి అవుతుంది. కొత్తవాళ్ళకి ఈ ఒక్క సంగతి బుర్రకెక్కేలోపు తలప్రాణం తోకకొస్తుంది. బావకి మాత్రం పుట్టుకతో వచ్చిన విద్యలా ఉండేది. పట్టీని చేతిలోకి తీసుకుంటే చాలు, తల దానంతటదే తిరిగిపోయేది. నోట్లో పాట, చేతిలో రంపం, మధ్యలో బామ్మర్దిని ఓ వెక్కిరింత. కోసిన రెండు ముక్కలూ కలిస్తే మధ్యలో గోరు కూడా దూరేది కాదు.

ఎండాకాలంలో ఒక ఇంట్లో ఎడమ మూలకి కోయాల్సిన ముక్కని కుడి మూలకి కోశాడు. పరాకు అనుకున్నాడు బామ్మర్ది. మర్నాడు ఇంకొకటి. ఆ తర్వాత లెక్కపెట్టడం మానేశాడు. బావ మధ్యాహ్నం అన్నం తిని కాసేపు నడుం వాలుస్తాడు. ఆ సమయంలో బామ్మర్ది తప్పు ముక్కలు ఏరి గోనెసంచిలో అడుగుకి తోసేసి, కొత్త పట్టీ తీసి, చప్పుడు కాకుండా తనే మళ్ళీ కోసి అదే వరుసలో గోడకి ఆనించి పెడుతున్నాడు. కొట్టువాడితో చెప్పి పట్టీలు ముందే ఎక్కువ వేయించుకుంటున్నాడు. జీవితమంతా కొస పట్టుకోవడమే తప్ప రంపం పట్టనివాడు, ఆ వయసులో దొంగచాటుగా కోత నేర్చుకున్నాడు. చేతకాక వేళ్ళు కోసుకున్నాడు. ఏమైందిరా అంటే తలుపు సందులో పడిందన్నాడు.

పెద్దావిడ గదికి కావలసిన ముక్కలన్నీ బావ వసారాలో కూర్చుని కోశాడు. బామ్మర్ది పట్టీ పట్టుకుని చూస్తూనే ఉన్నాడు. రంపం పళ్ళు పెట్టేముందు బావ చెయ్యి ఆగింది. పట్టీని ఒకసారి ఇటు తిప్పాడు, ఒకసారి అటు తిప్పాడు. పెదవులు కదిలాయి. స్కూల్లో ఎక్కం మరిచిపోయిన పిల్లాడి మొహం పెట్టాడు. అంతలోనే ఎవరో చూస్తున్నారని గుర్తొచ్చినట్టు, గబగబా కోసేశాడు. తప్పు.

"ఎలా ఉంది?" అన్నాడు, తెల్లటి పొడి ఊదుతూ.

"బావుంది బావా."

ఇంతకాలంలో బావకి అతను చెప్పిన అబద్ధాలన్నీ ఈ నాలుగు నెలల్లోవే. చిన్నప్పుడు అబద్ధం చెప్పాల్సిన అవసరమే రాలేదు. అక్క పెళ్ళినాటికి ఇంట్లో పెద్దవాళ్ళంటూ ఎవరూ మిగల్లేదు. పెళ్ళయ్యాక అక్కని బండి ఎక్కిస్తుంటే ఆమె చెయ్యి వదలకుండా ఏడుస్తూ నిలబడ్డాడు. బంధువులు వేళ్ళు విడదీస్తున్నారు. కొత్త పెళ్ళికొడుకు విసుక్కుంటాడేమోనని అందరికీ భయం. బావే బండి దిగి వచ్చి, "వీడు ఒక్కడే ఉండి ఏం చేస్తాడు? ఎక్కించండి," అని తన పక్కనే కూర్చోబెట్టుకున్నాడు. దారి పొడుగునా అతన్ని నవ్వించడానికి గొంతులు మార్చి మాట్లాడుతూనే ఉన్నాడు. వాళ్ళకి పిల్లలు కలగలేదు. ఆ ఇంట్లో పిల్లాడంటే ఇప్పటికీ ఇతనే.

మధ్యాహ్నం క్యారేజీ విప్పుకుని హాల్లో కూర్చున్నారు. నిన్న పూర్తయిన హాలు అది. బావ ముద్ద నోట్లో పెట్టుకుని మూల వంక చూశాడు.

"చూడరా ఆ అతుకు. వెంట్రుక కూడా దూరదు. ఈ ఊళ్ళో ఇంకెవడైనా కలపమను చూద్దాం."

అది బామ్మర్ది కోసిన మూల.

"నీ చెయ్యి కదా బావా," అన్నాడు. మంచినీళ్ళు తాగి, గొంతు సవరించుకున్నాడు. "బావా, నీకొక మాట చెప్పాలి."

"కూరలో ఉప్పెక్కువైందనా? మీ అక్క దగ్గర మాత్రం అనకు. నేనన్నందుకు ఎన్ని పూటలు నాకు నేనే వండుకున్నానో నీకు తెలీదు."

బామ్మర్ది మళ్ళీ ముద్ద కలుపుకున్నాడు. బావ ఎంత సరదా మనిషో కోపమొస్తే అంత మొండివాడు. తిట్టడు, కొట్టడు. నోరు మూసేస్తాడు. ఒకసారి ఏదో మాటపట్టింపు వచ్చి, ఒక ఇంట్లో పని మొదలుపెట్టినప్పటినుంచి పూర్తయ్యేదాకా బామ్మర్దితో మాట్లాడలేదు. 'ఎవరైనా నిచ్చెన పట్టుకుంటే బాగుండును' అని గోడకి చెప్పేవాడు. గోడ ఎలాగూ పట్టుకోదు కాబట్టి ఇతను వెళ్ళి పట్టుకునేవాడు. ఇప్పుడు చెప్పబోయే మాటకి ఆ నోరు మళ్ళీ ఎన్నాళ్ళకి తెరుచుకుంటుందో అని అతని దిగులు. అసలు తెరుచుకోదేమో అన్న భయం కూడా ఉంది.

బావ ఆ రోజు మామూలుకంటే ఎక్కువసేపు పడుకున్నాడు. లేచేసరికి చొక్కా వీపంతా తడిసిపోయి ఉంది. ఉక్కపోతన్నాడు. ఈలోగా ఇతను ముక్కలన్నీ మార్చి పెట్టేశాడు.

పొడవాటి గోడ మీది పట్టీ ఆఖరున మిగిలింది. అది ఒక్కరివల్ల కాదు. చెరొక నిచ్చెన ఎక్కి, వెనకవైపు చిక్కటి ప్లాస్టర్ ముద్ద రాసి, రెండు కొసలూ ఒకేసారి గీత మీదికి తేవాలి. "ఎత్తు" అన్నాడు బావ. ఎత్తారు. "అదుము" అన్నాడు. అదిమారు. పట్టీ గోడని కరుచుకుంది. ఇక ప్లాస్టర్‌కి పట్టు వచ్చేదాకా ఇద్దరూ చేతులెత్తి నిలబడాల్సిందే.

గోడకి మొహం పెట్టి నిలబడ్డాడు బామ్మర్ది. ఎత్తిన కుడిచెయ్యి అడ్డం వచ్చి బావ కనపడటం లేదు. హాల్లో పెద్దావిడ టీవీ పెట్టుకుంది. అందులో ఎవరో గట్టిగా పోట్లాడుకుంటున్నారు. చెబితే ఇప్పుడే చెప్పాలనిపించింది అతనికి. మొహం చూడనక్కర్లేదు. విసురుగా లేచి వెళ్ళిపోవడానికి బావ చేతులు ఖాళీగా లేవు.

"బావా, ఒక మాట చెప్తాను. ఇటు తిరక్కు. నీ మొహం చూస్తే నాకు మాట రాదు."

"చెప్పు," అన్నాడు బావ.

"నువ్వింక కొయ్యొద్దు బావా." అన్నాక ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేనని తెలిసి గబగబా అందుకున్నాడు. "ఎండాకాలం నుంచీ ఎడమకి కుడి, కుడికి ఎడమ కోస్తున్నావు. నీకు చెప్పలేదు. నువ్వు పడుకున్నాక నేనే మళ్ళీ కోస్తున్నాను. హాల్లో మూల కూడా నేను కోసిందే. తప్పు నీది కాదు బావా, వయసు. ఎన్నేళ్ళని కోస్తావు? అక్క హడలిపోతోంది. నువ్వు ఇంటికొచ్చేదాకా గుమ్మంలో నిలబడే ఉంటోంది. నిచ్చెన మీంచి పడితే ఎవరికి చెప్పుకోవాలి మేము? ఈ ఇంటితో ఆపేద్దాం. నువ్వు కూర్చో, నేను చేస్తాను. నాతోపాటు వచ్చి కూర్చో, చాలు. తిట్టుకుంటూ కూర్చో."

మధ్యలో ఎక్కడో నిచ్చెన కిర్రుమంది. టీవీలో ఏడుపు మొదలైంది. బావ వైపు నుంచి ఉలుకూ పలుకూ లేదు.

"కోపం వచ్చిందా?"

జవాబు లేదు.

"నాలుగు తిట్టు బావా. గోడకైనా చెప్పు. నన్ను పెంచినవాడివి, నీకు ఈ మాట చెప్పడం నాకు మాత్రం సరదానా?" కళ్ళలో నీళ్ళు తిరిగినా తుడుచుకోవడానికి చేతుల్లేవు. కన్నీళ్ళు జారి చెవుల పక్కనుంచి మెడలోకి దిగాయి. బావ అలిగాడని అతను నిశ్చయించుకున్నాడు. అలిగినా అవతలి కొస వదల్లేదు, పట్టీ గీత మీదే తిన్నగా ఉంది. పనిమీద మాత్రం అలగడులే అనుకుని కొంచెం ధైర్యం తెచ్చుకున్నాడు.

ప్లాస్టర్ గట్టిపడింది. మెల్లగా చేతులు వదిలి, చూపు తిప్పాడు.

అవతలి నిచ్చెన మీద ఎవరూ లేరు. పట్టీ కొస కింద ఒక కర్ర నిలబెట్టి ఉంది. ఒంటరిగా పని చేయాల్సి వచ్చినప్పుడు, రెండో మనిషికి బదులు నేలకీ పట్టీకీ మధ్య బిగించుకునే కర్ర అది. పట్టీకి గీత పడకుండా దాని తలకి బావ తన భుజం మీది తువ్వాలు చుట్టాడు. కింద గోడకి చేరబడి, కాళ్ళు చాపుకుని, కళ్ళు మూసుకుని కూర్చుని ఉన్నాడు.

"నన్ను అక్కడ నిలబెట్టి నువ్వు దిగి కూర్చున్నావా?" అంటూ దిగాడు బామ్మర్ది. పక్కన కూలబడి, బతిమాలుకోవడానికి చెయ్యి పట్టుకున్నాడు. అరచేతిలో ప్లాస్టర్ ఎండిపోయి పెళుసుగా రాలింది. చేతిలో పట్టు లేదు.

"బావా," అన్నాడు. తర్వాత ఇంటివాళ్ళు పరుగెత్తుకొచ్చేదాకా ఆ మాట తప్ప ఇంకో మాట అతని నోట రాలేదు.

కోడలు ఫోన్లు చేసింది. డాక్టరు వచ్చి చూసి, గుండె ఆగిందనీ, ప్రాణం పోయి కాసేపయిందనీ చెప్పాడు. కాసేపంటే ఎంత అని అడగబోయి ఆగిపోయాడు బామ్మర్ది. నిచ్చెన కిర్రుమన్నది తను ఏ మాట దగ్గర ఉండగానో ఎంత తన్నుకున్నా గుర్తు రాలేదు. కొయ్యొద్దన్న మాటకి ముందా, తర్వాతా? హాల్లో మూల సంగతి విన్నాడా? విని, ఆ బాధతో దిగాడా? ఏదీ వినకుండా, నొప్పి రాగానే కొస జారకుండా కర్ర పెట్టి దిగిపోయాడా? చెప్పగలిగిన మనిషి ఒక్కడే. ఆ ఒక్కడి నోటి నుంచి వచ్చిన ఆఖరి మాట 'చెప్పు.'

ఇంటికి తీసుకొచ్చాక అక్క పెద్దగా ఏడవలేదు. వచ్చినవాళ్ళు కూర్చోబెడితే కూర్చుంది, నీళ్ళిస్తే తాగింది. జనం కాస్త పల్చబడ్డాక తమ్ముణ్ణి కళ్ళతోనే వంటింట్లోకి పిలిచింది. పొద్దున నిలబడ్డ చోటే నిలబడ్డారు.

"చెప్పావా?"

అతను తల వంచుకున్నాడు.

"నేనేగా చెప్పమని నిన్ను తరిమింది. ఆ మాటకే పోయారా? ఒరేయ్, నిజం చెప్పు. నీకు దణ్ణం పెడతాను."

"చెప్పలేదక్కా," అన్నాడు బామ్మర్ది. "పొద్దున్నుంచీ చెబుదామనుకుంటూనే ఉన్నాను. ధైర్యం చాల్లేదు. మధ్యాహ్నం కూడా హాల్లో మూల చూపించి, ఈ ఊళ్ళో ఇంకెవడైనా కలపమను చూద్దాం అన్నాడు. అలాగే పోయాడు. ఏమీ తెలీదు బావకి."

అక్క అతని రెండు చేతులూ తీసుకుని మొహానికి అదుముకుంది. అప్పుడు వచ్చింది ఏడుపు.

"బతికించావురా," అంది. "నన్ను బతికించావు."

ఆమె వెక్కిళ్ళు సర్దుకునేదాకా అతను అలాగే నిలబడ్డాడు. తన ఏడుపు తనలోనే కుక్కుకున్నాడు. ఈ సంగతి ఇక ఎవరితోనూ అనడానికి లేదని అతనికి అప్పుడే అర్థమైంది. పంచుకోగలిగిన మనిషి బావ ఒక్కడే, అతను బయట చాప మీద ఉన్నాడు.

అన్నీ అయిపోయాక సామాను తెచ్చుకుందామని ఆ ఇంటికి వెళ్ళాడు. పెద్దావిడే తలుపు తీసింది. గదిలో ఆవిడ మంచం అప్పుడే వేసేశారు. మంచం పక్కన, గోడవారగా, కర్ర అక్కడే ఉంది.

"మా కోడలు అడ్డంగా ఉంది తీసేద్దామంది. నేనే ముట్టుకోనివ్వలేదు," అంది పెద్దావిడ. "తీస్తే ఊడిపడుతుందో ఏమో, మాకేం తెలుసు. నువ్వొచ్చి తీస్తావని ఉంచాను."

బామ్మర్ది మిగిలిన పనంతా పూర్తి చేశాడు. అతుకుల్లో ప్లాస్టర్ కూరి తడి గుడ్డతో తుడిచాడు, నేల కడిగాడు, నిచ్చెనలు బయట పెట్టాడు. కోత పెట్టె, రంపం సంచిలో సర్దాడు. కర్ర దగ్గరికి వచ్చి చెయ్యి వేశాడు. బిగువుగానే ఉంది. బావ కర్ర బిగించే తీరు అతనికి తెలుసు, అడుగున ఒక్క లాగు లాగితే వచ్చేస్తుంది. అయినా చెయ్యి తీసేశాడు.

"ఇంకొన్నాళ్ళు ఉండనివ్వండమ్మా," అన్నాడు. "ఇంకా పట్టు రాలేదు."

గది చుట్టూ ఏ ఆధారమూ లేకుండా నిలిచి ఉన్న పట్టీల వంక ఆవిడ ఒకసారి చూసింది. తర్వాత అతని మొహం వంక చూసింది. "అలాగే నాయనా. తొందరేం లేదు," అంది.

అతను సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. కిటికీలోంచి సాయంత్రపు వెలుతురు మంచం మీదికి, గోడ మీదికి పాకి, కర్ర తలకి చుట్టి ఉన్న పాత తువ్వాలు మీద పడింది. ప్లాస్టర్ అంటిన దాని అంచు ఫ్యాను గాలికి కొద్దికొద్దిగా కదులుతూ ఉంది.